అమ్మ చెప్పిన తేదీలు

ప్రతి నెలా మొదటి వారంలో మూడు రోజులు నేను బయట కూర్చునేదాన్ని. మధురానగర్‌లో మాది మేడ మీద మూడు గదుల అద్దె వాటా. అందులో బయటంటే ఎంత బయట? మెట్లెక్కగానే కనబడే వరండాలో ఒక చాప, ఒక దుప్పటి, నా కంచం, నా గ్లాసు, అంతే. పాలవాడికీ, కింద వాటా ఆవిడకీ, పేపరు బిల్లుకి వచ్చినవాడికీ నేను కనబడాలి. అందరికంటే ముఖ్యంగా మా నాయనమ్మకి కనబడాలి. ఆవిడ కుచ్చెళ్ళు పైకి పట్టుకుని నా పక్కనుంచి ఎడంగా నడిచి వెళ్తూ, "దీనికి గడియారం కట్టినట్టు వస్తుందే! ఇంత ఆరోగ్యం మన వంశంలో ఎవరికుంది?" అని మురిసిపోయేది. నాలుగో రోజు పొద్దున్నే తలంటు పోసుకుని లోపలికి వచ్చేదాన్ని.

ఇందులో ఒక్కటే తిరకాసు. నాకు ముట్టు ఎప్పుడూ రాలేదు. ఒక్క నెల కూడా రాలేదు. ఆ సంగతి ఇంట్లో ఇద్దరికే తెలుసు, అమ్మకీ నాకూ. నాన్నకి ఆఫీసు, పేపరు, రాత్రి తాళం వేశామా లేదా అన్న చింత తప్ప ఇంకేదీ పట్టేది కాదు. అది మా అదృష్టమో దురదృష్టమో ఇప్పటికీ తేల్చుకోలేను.

నాటకం నా పదో తరగతి పరీక్షలయిన వేసవిలో మొదలైంది. నాయనమ్మ ఊళ్ళో ఇల్లు వదిలి మా దగ్గర ఉండటానికి వస్తోంది. నాకంటే చిన్నవాళ్ళయిన బాబాయి కూతుళ్ళిద్దరికీ అప్పటికే ఓణీలు వేసేశారు. ఒకరోజు పొద్దున అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఇవాళ ఎక్కడికీ వెళ్ళకు. నువ్వు పెద్దమనిషివయ్యావు."

"నేనా? అవలేదుగా!"

"అయ్యావు."

"నా సంగతి నాకు తెలీదా అమ్మా?"

"నీకేం తెలుసే? ఇవాళ కాకపోతే రేపు ఎలాగూ అవుతావు. నాలుగు రోజులు ముందు చేస్తే కొంపలేం మునిగిపోవు."

తాటాకు చాప దొరక్క ప్లాస్టిక్ చాప మీద కూర్చోబెట్టారు. చిమ్మిలి దంచారు. మావయ్య పట్టుపరికిణీ పట్టుకొచ్చాడు. పేరంటాళ్ళు హారతిచ్చి పాట పాడారు. చిమ్మిలి మాత్రం అద్భుతంగా ఉంది, అబద్ధమెందుకు. పాడనిది అమ్మ ఒక్కతే. హారతి పళ్ళెం పట్టుకుని ఆవిడ వీధి తలుపు వైపే చూస్తుంటే, ఇంకా ఎవరో రావాలి కాబోలు అనుకున్నాను. అది భయమని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ రేపు రాలేదు. లేహ్యాలు తిన్నాను, మొక్కులు మొక్కాం. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మాత్రం అమ్మ మొహం మాడిపోయేది. "కొందరికి ఆలస్యమవుతుందే" అనేది. నోరున్న పిల్లనని ఊరంతా నాకు పేరు. ఈ ఒక్క విషయంలో అమ్మ కళ్ళు చూస్తే నా నోరు పెగిలేది కాదు. కాలేజీ అయింది, బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అయింది. అంత చదివి నీ ఒంట్లో ఏముందో తెలుసుకోలేదా అని మీరు అడగొచ్చు. అడగండి. పుస్తకంలో జబ్బులన్నీ పరాయి దేశంలో పరాయివాళ్ళకి వచ్చేవి, మన ఒంటికి వచ్చేది పడిశం, వేడి, అంతే కదా.

ఉద్యోగం అమీర్‌పేటలో దొరికింది. సాఫ్ట్‌వేర్ హవా నడుస్తున్న రోజులవి. ఒక్కో మేడకి ఒళ్ళంతా బోర్డులే. కింద జిరాక్సు, దాని మీద జావా, ఆ పైన ఒరాకిల్, అన్నిటికంటే పైన, లిఫ్టు లేని అంతస్తులో, మేము. మాది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఇన్‌స్టిట్యూట్. అమెరికాలో డాక్టర్లు టేపులో గొణిగింది చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని విని ఇక్కడ టైపు చెయ్యాలి. అర్థం కానిది సరిగ్గా టైపు చెయ్యలేరు కాబట్టి ఒళ్ళు ఎలా పనిచేస్తుందో ఆ పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి చెప్పడానికి నన్ను పెట్టుకున్నారు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో ఇరుకు గదుల్లో పడుకుని, ఉప్మా తిని, తెల్లవారకముందే క్లాసుకి వచ్చే పిల్లలు. వాళ్ళకి గుండె గురించీ మూత్రపిండాల గురించీ చెప్తుంటే నాకు బాగుండేది. నా మీద నాకు నమ్మకంగా ఉండేది.

అలా ఉండగా సంబంధం కుదిరింది. మా వైపువాళ్ళే, పంజాగుట్టలో సొంతిల్లు, అబ్బాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళిచూపుల్లో వంట వచ్చా, పాట వచ్చా అని అడగకుండా, "అంతమంది పిల్లల ముందు మాట్లాడటానికి భయం వెయ్యదా?" అని అడిగాడు. నాకు నచ్చాడు. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుపడను.

ముహూర్తం పెట్టే ముందు పెళ్ళికూతురి తేదీలు అడగడం మాలో మామూలే. పీటల మీద కూర్చునే పిల్ల ఆ మూడు రోజుల్లో ఉండకూడదు కదా. అబ్బాయి తల్లి ఫోను చేసి అడిగింది. అమ్మ నోటికొచ్చిన తేదీ చెప్పి బయటపడేదే. కానీ పక్కనే నాయనమ్మ కూర్చుని ఉంది. "చెప్పవే, మొదటి వారమని చెప్పు. రోజు కూడా తప్పదని చెప్పు" అంటూ ఫోనులో వినబడేలా అరిచింది. అమ్మ మొదటి వారమనే చెప్పింది.

సిద్ధాంతి పెట్టిన ముహూర్తం సరిగ్గా మొదటి వారంలోనే పడింది. అది దాటితే మూఢం, నెలల తరబడి మంచి రోజు లేదు. అమ్మ అల్లిన అబద్ధం ఇన్నాళ్ళూ ఊరి కళ్ళు కప్పింది, ఇప్పుడు ముహూర్తానికే అడ్డం పడింది.

అబ్బాయి తల్లి మాత్రం నవ్వేసింది. "దానికేముందండీ వదినగారూ, వాయిదా వేసే మాత్రలున్నాయిగా."

"నేను మందుల షాపులో తెస్తానులెండి" అంది అమ్మ గబగబా.

"అయ్యో, అలా ఏవి పడితే అవి వెయ్యకండి. మాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది. అమ్మాయిని నేనే తీసుకెళ్తాను."

అమ్మ ఫోను పెట్టేసి గోడకి ఆనుకుంది. డాక్టరు దగ్గర నోరు విప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకోబోయింది. నేను వెయ్యలేదు.

డాక్టరమ్మది పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రి. అబ్బాయి తల్లి బయట కుర్చీలో కూర్చుంది, నేను ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను. డాక్టరమ్మ మాత్రలు రాస్తూ, తలెత్తకుండానే, "ఆఖరుసారి ఎప్పుడొచ్చింది?" అంది.

"రాలేదండి."

"ఈ నెలా?"

"ఎప్పుడూ."

ఆవిడ కలం కింద పెట్టింది. తలుపు వేసి పరీక్ష చేసింది, స్కానింగ్ చేయించింది. ఆ చల్లటి జిగురు పొట్ట మీద రాస్తుంటే నేను డాక్టరమ్మ మొహమే చూస్తున్నాను. ఆవిడ మంచి మనిషి, మొహం దాచుకోవడం రాదు. "గర్భసంచి కనబడటం లేదమ్మా" అంది. "గజ్జల దగ్గర రెండు పక్కలా చిన్న ముద్దలున్నాయి. అండాశయాల్లా లేవు. రక్తం పరీక్షకి పంపుతాను. హార్మోన్లు చూడాలి, క్రోమోజోములు చూడాలి. ఫలితం రావడానికి కొన్నాళ్ళు పడుతుంది."

బయటికి వచ్చాక అబ్బాయి తల్లి నా మోచేతి మడతలో అంటించిన దూది వైపు చూసింది. అక్కణ్ణుంచి తిన్నగా చీరల షాపుకి తీసుకెళ్ళింది. అక్కడి కుర్రాడు పట్టుచీర నా భుజమ్మీద వేసి, "మీ కోడలికి మస్తుగున్నదమ్మా" అన్నాడు. అద్దంలో చూసుకున్నాను. నిజంగానే బాగుంది. 

పెళ్ళి పనులు ఆగలేదు. శుభలేఖలు అచ్చుకి వెళ్ళాయి. నాయనమ్మ అప్పడాలు వత్తించింది. నేను ఆసుపత్రిలో ఏం చెప్పానో అమ్మకి చెప్పాను. ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు.  ఆవిడ తిడితే బాగుండేది. మా ఇంట్లో తిట్లు ఆగిపోతే పీడేదో వస్తోందన్నమాటే.

ఆ రోజుల్లోనే క్లాసులో హార్మోన్ల పాఠం వచ్చింది. బోర్డు మీద ఒక కణం గీసి మొదలుపెట్టాను. హార్మోన్ అంటే రక్తంలో తిరిగే కబురు. అది ఒళ్ళంతా తిరుగుతుంది, కానీ అందుకునేవాళ్ళుంటేనే కబురుకి విలువ. అందుకునేది రిసెప్టార్. అదొక ప్రోటీన్, పొడుగాటి గొలుసు ముడుచుకుని ముద్దయినట్టుంటుంది. స్టెరాయిడ్ హార్మోన్లకైతే అది కణం లోపలే కాచుకుని ఉంటుంది, ఊరికే కదలకుండా తోడు ప్రోటీన్లు దాన్ని పట్టుకుని ఉంటాయి. దాని ఒక కొసన చిన్న గుంట ఉంటుంది. సరైన హార్మోన్ వచ్చి ఆ గుంటలో కూర్చోగానే ప్రోటీన్ తోక ఒకటి డబ్బా మూతలా దాని మీదకి వాలుతుంది. అప్పుడు తోడు ప్రోటీన్లు విడిపోతాయి, రిసెప్టార్ ఇంకో రిసెప్టార్‌తో జత కట్టి కేంద్రకంలోకి వెళ్తుంది. మధ్య భాగంలో దానికి వేళ్ళలాంటి మడతలుంటాయి, ఒక్కో మడతని ఒక జింకు పరమాణువు బిగించి ఉంచుతుంది. ఆ వేళ్ళతో డీఎన్‌ఏలో తనకి చెందిన చోటు వెతికి పట్టుకుంటుంది. ఇక అక్కడి జన్యువులు పని మొదలుపెడతాయి. మగపిల్లాడికి గడ్డం వచ్చినా, గొంతు మారినా, మొటిమలు లేచినా, అసలు తల్లి కడుపులో మగపిల్లాడిగా తయారైనా, ఆ మూత పడటం వల్లే.

వెనక బల్ల మీంచి ఒకతను చెయ్యెత్తాడు. వరంగల్ వైపు నుంచి వచ్చినవాడు, ఏదీ సగంలో వదలడు. "మేడం, మరి గా రిసెప్టారే ఖరాబైతే ఎట్ల?"

"హార్మోన్ ఎంతున్నా లాభం లేదు" అన్నాను. "గొలుసులో ఒక్క అమైనో ఆమ్లం మారినా గుంట ఆకారం చెడిపోవచ్చు. హార్మోన్ వస్తుంది, కూర్చోలేదు. మూత పడదు. మగ హార్మోన్ నిండుగా ఉన్నా ఒంటికి ఆ కబురు అందదు."

"గప్పుడు మనిషి ఎట్లుంటడు మేడం?"

చెప్పబోయాను. సుద్దముక్క పట్టుకున్న నా చెయ్యి కళ్ళముందే ఉంది. ముంజేతి మీద ఒక్క నూగు వెంట్రుక లేదు. నా మొహాన జన్మలో మొటిమ రాలేదు, అమ్మ దాన్ని పసుపు మహిమ అని చెప్పుకునేది. నేను మా నాన్నకంటే పొడుగు. గర్భసంచి లేదు. గజ్జల్లో రెండు ముద్దలు. "ఆడపిల్లలా ఉంటుంది" అన్నాను. "అచ్చం ఆడపిల్లలా. ఎవరికీ అనుమానం రాదు."

"పాపం, గామెకు సుత తెల్వదా మేడం?"

"తెలీదు" అన్నాను. బోర్డు తుడవడం కూడా మర్చిపోయి మెట్లు దిగి వచ్చేశాను. అమీర్‌పేట చౌరస్తాలో బస్సు హారన్లు, కరపత్రాలు పంచేవాళ్ళు, మిరపకాయ బజ్జీల వాసన. ఇన్ని వేల మంది ఒక కోర్సు చేసి ఇంకొకరుగా మారిపోవాలని ఈ ఊరు వచ్చారు. నేను మాత్రం నేను ఇంతకాలం ఏమిటో కూడా తెలియకుండా తిరిగాను. కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియక ఇంకా కోపమొచ్చింది.

ఫలితం వచ్చిన రోజు అమ్మని వెంట తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చెప్పినదాంట్లో నాకు కొత్తేమీ లేదు. నా కణాల్లో ఎక్స్‌తో పాటు వై ఉంది. మగ హార్మోన్ మగవాళ్ళకున్నంత ఉంది. దాన్ని అందుకునే రిసెప్టార్ పనిచెయ్యదు. వినబడని ఆజ్ఞ ఎవరూ పాటించలేరు కనుక ఒళ్ళు తన దారిన తాను ఆడదానిగా పెరిగింది. ఆ ముద్దలు లోపలే ఉండిపోయిన వృషణాలు, వయసుతో పాటు క్యాన్సర్‌గా మారే ప్రమాదముంది, తీసేస్తే మంచిది, తర్వాత ఎముకల కోసం ఆడ హార్మోన్ మాత్రలు వాడాలి. పిల్లలు పుట్టరు.

"అంటే మా అమ్మాయి ఆడపిల్ల కాదా అండీ?" అంది అమ్మ. 

"ఆడపిల్లేనమ్మా. ఇప్పటిదాకా ఎవరో, ఇక ముందూ ఆమే" అంది డాక్టరమ్మ. ఆ మాటకి ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది నాకు. ఆవిడ కాగితం మీద ఏదో గీస్తూ, "ఈ జన్యువు ఎక్స్ మీద ఉంటుంది, తల్లి వైపు నుంచే వస్తుంది. మీ అక్కచెల్లెళ్ళలో ఎవరికైనా ఇలా ఉందా?" అని అడిగింది.

"నాకు అక్కచెల్లెళ్ళు లేరండి" అంది అమ్మ. అంత గబుక్కున ఆవిడ దేనికీ జవాబు చెప్పగా నేను చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. అమ్మ దిగిపోతానంది. "నడిమిట్ల ఎట్ల దిగుతరమ్మా, జర ఆగుర్రి, సిగ్నల్ దాటినంక ఆపుతా" అన్నాడు ఆటో అతను. దాటాక ఆపాడు. అమ్మ దిగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని, ఆ రొదలో, మొదటిసారి చెప్పింది.

"నాకో చెల్లెలుండేదే. నీలాగే పొడుగు. నీలాగే తెలివి. నీలాగే పెద్దమనిషి అవలేదు. మా అమ్మకి అబద్ధం చేతకాదు. సంబంధం వాళ్ళు మంచివాళ్ళు కదా అని ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ళు తలూపి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా ఊరంతా తెలిసింది. వీధిలో పిల్లకాయలు దానికో పేరు పెట్టి వెంటపడేవాళ్ళు."

"ఏం పేరు?"

"నా నోటితో అనను." కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ అంది. "ఒకరోజు స్నానానికని వెళ్ళి లోపల గడియ వేసుకుంది. తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. తర్వాత ఇంట్లో దాని పేరెత్తలేదు. ఫొటో కూడా ఉంచలేదు. నిజం చెప్పి దాన్ని చంపుకున్నాం. అందుకే నీకు ఫంక్షన్ చేశాను."

నాకు పిన్ని ఉందని అప్పుడే తెలిసింది. ఆవిడ లేదని కూడా అప్పుడే తెలిసింది. అమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "పెళ్ళయిపోనివ్వే. పిల్లలు పుట్టకపోతే దేవుడు ఇవ్వలేదనుకుంటారు. దేవుణ్ణి ఎవరూ నిలదియ్యరు. నీకు దండం పెడతాను, చెప్పకు."

అమ్మ చెప్పింది తప్పని నేను గట్టిగా అనలేకపోయాను. ఒక ప్రాణం పోగొట్టుకున్న మనిషితో వాదించడమెలా? కానీ ఆ అబ్బాయి మొహం చూస్తూ ఆ అబద్ధంతో కాపురం చెయ్యడం కూడా నా వల్ల కాదనిపించింది. చెప్తే పిన్ని గతి పడుతుందేమో. చెప్పకపోతే రోజూ కొంచెం కొంచెంగా అదే గతి. రెండు రోజులకి శుభలేఖలు అచ్చయి ఇంటికి వచ్చాయి, పసుపు అంచులతో. అవి చూశాక ఇక ఆగలేకపోయాను. అబ్బాయి ఆఫీసుకి ఫోను చేశాను.

మధ్యాహ్నం అమీర్‌పేటలో ఒక బేకరీలో కలిశాం. దాపరికం లేకుండా అంతా చెప్పాను. రిసెప్టార్ అంటే ఏమిటని అడిగితే అదీ చెప్పాను, పేపరు నాప్కిన్ మీద గుంట, మూత గీసి. అతను తెలివైనవాడు, వెంటనే అర్థం చేసుకున్నాడు.

"ఇందులో నీ తప్పేముంది?" అన్నాడు.

ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చింది. బేకరీలో అందరూ చూస్తున్నా ఆపుకోలేదు. బతికిపోయాననుకున్నాను.

అతను నాప్కిన్‌ని మడిచి, చింపి, టీ గ్లాసులో పడేశాడు. గొంతు తగ్గించి, ఎంతో ప్రేమగా అన్నాడు. "పిల్లల సంగతి తర్వాత చూసుకుందాం. నాకేం పట్టింపు లేదు. మా అమ్మకి మాత్రం తెలియకూడదు. ఎప్పటికీ. మా ఇంట్లో పెరటివైపు గది ఉంది. నెలనెలా ఆ మూడు రోజులూ అందులో ఉంటే సరిపోతుంది. నీకెలాగూ అలవాటేగా."

అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి లేచి వచ్చేదాన్ని. అతనికి నేనంటే ఇష్టమే, ఆ ఇష్టంతోనే నాకొక గది చూపిస్తున్నాడు. ఆ గదిలో నేను ముసలిదాన్నవడం కళ్ళకి కట్టింది. వద్దన్నాను. అతనికి అర్థం కాలేదు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. "సరే, నేనెవరికీ చెప్పను" అన్నాడు లేస్తూ. జాతకాలు కలవలేదని వాళ్ళ వైపు నుంచి కబురొచ్చింది. నాయనమ్మ సిద్ధాంతిని తిట్టిపోసింది, నాన్న అచ్చయిన శుభలేఖల కట్ట అటక మీద పడేశాడు. అతను మాట నిలబెట్టుకున్నాడో లేదో మాకు తెలిసే దారి లేదు. వీధిలో ఎవరు నవ్వినా అమ్మ ఉలిక్కిపడేది.

"చెప్పేశావా?" అని అడిగింది అమ్మ ఆ రోజు నేను బేకరీ నుంచి ఇంటికి రాగానే.

"చెప్పేశాను."

 మర్నాడు పొద్దున నేను స్నానానికి వెళ్తే, తలుపు అవతల పీట లాగిన చప్పుడైంది. ఆ మర్నాడూ అంతే.

"అక్కడేం చేస్తున్నావమ్మా?"

"బియ్యంలో రాళ్ళు ఏరుతున్నానే."

"వంటింట్లో ఏరలేవా?"

"ఇక్కడ వెలుతురు బాగుంది."

స్నానాల గది ముందు వెలుతురేముంటుంది? ఎన్నో రోజులు ఓర్చుకున్నాను. ఒకరోజు పట్టలేక, ఒంటి మీద సబ్బుతోనే అరిచాను. "అమ్మా, నేను చావను! వింటున్నావా? చావను. లేచి లోపలికి పో."

చేటలో బియ్యం కదిలే చప్పుడు ఆగిపోయింది.

"అదీ ఇలాగే అందే" అంది అమ్మ.

గడియ తీశాను. తలుపు ఓరగా తెరిచి ఉంచి, మిగిలిన నీళ్ళు పోసుకున్నాను.